నేరేడుపండు రంగు ఛాలెంజర్: ఫెండర్ ట్యాగ్ చదువుతూ గడిచిన మూడు నెలలు

నవంబరు, మొదటి వారం

1970 మోడల్ డాడ్జ్ ఛాలెంజర్ ఆర్/టి (ఛాలెంజర్‌లో ఎక్కువ శక్తి గల రకం) మిషిగన్‌లోని మా గ్యారేజీకి చేరి పది రోజులైంది. అమ్మినవారు దీనిని 440 (ఘనపు అంగుళాల) ఇంజను కారు అనీ, పుట్టుకతోనే ఎర్రరంగు కారు అనీ చెప్పారు. ఎయిర్ క్లీనర్ మూత మీద 440 మాగ్నం స్టిక్కరు కూడా ఉంది; మాగ్నం అన్నది డాడ్జ్ తన శక్తివంతమైన ఇంజన్లకు పెట్టిన పేరు. స్టిక్కరు ఎవరైనా అంటించవచ్చు కనుక, ఒక్క బోల్టు విప్పకముందే, ఒక్క డబ్బా రంగు కొనకముందే కారు మీదున్న అంకెలన్నీ చదవాలని నిశ్చయించుకున్నాను.

మొదట డ్యాష్ బోర్డు ఎడమ మూలన, అద్దంలోంచి కనిపించే విన్ (వాహన గుర్తింపు సంఖ్య) పలక. పదిహేడు అక్షరాల విన్ 1981 మోడల్‌తో మొదలైంది. ఈ కారుకున్నవి పదమూడే. జె ఎస్ 23 ఎన్ 0 బి అన్నవి మొదటి ఏడు. చివరి ఆరు వరుస సంఖ్య కనుక ఇక్కడ రాయడం లేదు. జె అంటే ఛాలెంజర్. ఎస్ అన్నది ఆర్/టి తరగతిని, 23 రెండు తలుపుల హార్డ్‌టాప్‌ను తెలుపుతాయి. 0 అంటే 1970. బి అంటే దాదాపు అన్ని వైపులా డెట్రాయిట్ నగరమే ఉన్న హామ్‌ట్రామిక్‌లోని డాడ్జ్ మెయిన్ కర్మాగారం. అసలు విషయం అయిదో స్థానంలో ఉంది. ఎన్ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటరుతో వచ్చిన 383. 440 అయితే అక్కడ యు గానీ, మూడు కార్బ్యురేటర్ల సిక్స్ ప్యాక్ అయితే వి గానీ ఉండాలి. అంటే 440 మాట మొదటి రోజే తేలిపోయింది. నాకు నిరాశ కలగలేదు. 335 హార్స్‌పవర్ 383 మాగ్నమే ఆ ఏడాది ఆర్/టికి మామూలుగా ఇచ్చిన ఇంజను. దానితో పుట్టిన కారును దానితోనే నిలబెట్టడంలో తక్కువేమీ లేదు.

నవంబరు, మూడో వారం

ఇంజను గదిలో, ఎడమ ఫెండరు లోపలి రేకు మీద, రెండు మరలతో బిగించిన, కారు ఇంజను, రంగు, సౌకర్యాల కోడ్లున్న చిన్న పలుచని రేకు ముక్కే ఫెండర్ ట్యాగ్. దాని మీద ఎర్రరంగు రెండు పూతలుగా పేరుకుని సగం అక్షరాలు పూడిపోయాయి. ఉప్పుకాగితం, తీగ బ్రష్షు అసలు వాడలేదు. గోరువెచ్చని సబ్బునీళ్లతో జిడ్డు తీసి, గదిలో దీపం ఆర్పి, టార్చిని రేకుకు దాదాపు సమాంతరంగా పట్టుకుని నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాను. అప్పటికీ తేలని అక్షరాల మీద పలుచని కాగితం పరిచి మెత్తని పెన్సిల్‌తో రుద్దాను. మన ఊళ్లలో ఆర్టీవో కాగితాల కోసం ఛాసిస్ నంబరును పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసేవారు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడు చూసిన ఆ పద్ధతి ఇక్కడ టార్చి కన్నా బాగా పనిచేసింది. 8కీ బికీ, సున్నాకీ డికీ మధ్య తేడా కాగితం మీదే స్పష్టమైంది.

ఈ ట్యాగ్‌ను కింది వరుస నుంచి పైకి చదవాలి. ప్రతి వరుసనూ ఎడమ నుంచి కుడికి చదవాలి. అడుగు వరుసలో ఇ63 అంటే 383 నాలుగు బ్యారెళ్ల ఇంజను, డి32 అంటే బరువు పనికి తగిన టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఆ తరువాత విన్ మొత్తం మళ్లీ వస్తుంది. డ్యాష్ పలకతో అక్షరం అక్షరం సరిపోయింది.

రెండో వరుస మొదట్లో ఎఫ్ సి 7 అని చదివినప్పుడు కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. డాడ్జ్ దానికి పెట్టిన పేరు ప్లమ్ క్రేజీ. అదే రంగును అదే సంస్థ మరో బ్రాండు ప్లిమత్ కార్లకు ఇన్-వయొలెట్ పేరుతో వేశారు. మన మాటల్లో చెప్పాలంటే మాగిన నేరేడుపండు రంగు. మొదటి అక్షరం ఆ రంగు ఏ మోడల్ ఏడాదిలో వచ్చిందో చెబుతుంది; ఎఫ్ అంటే 1970. తరువాతి హెచ్6ఎక్స్9 నల్లని వినైల్ బకెట్ సీట్లు. ఆపైన సి18 అన్నది తయారీకి నిర్ణయించిన తేదీ. జనవరి నుంచి సెప్టెంబరు వరకు నెలకు అంకె వేసి, అక్టోబరుకు ఎ, నవంబరుకు బి, డిసెంబరుకు సి వాడారు కనుక ఇది 1969 డిసెంబరు 18. ఆ రోజే కారు బయటికి వచ్చిందని దీనికి అర్థం కాదు, అది ప్రణాళికలోని తేదీ మాత్రమే. అయితే డ్రైవరు తలుపు అంచున ఉన్న లేబులు మీద కూడా 12-69 అనే ఉంది. వరుస చివర ఆరంకెల ఆర్డరు నంబరు.

పై వరుసల్లో వి1ఎక్స్ అంటే నల్లని వినైల్ పైకప్పు, బి51 పవర్ బ్రేకులు, సి16 సీట్ల మధ్య కన్సోలు, ఆర్11 ఎ.ఎం. రేడియో, ఎస్77 పవర్ స్టీరింగు. మొదటి వి1ఎక్స్ తప్ప మిగిలినవి అక్షరక్రమంలో పైకి సాగి ఎండ్ అన్న మాటతో ముగిశాయి. ప్రస్తుతం కారుకు వినైల్ పైకప్పు లేదు.

డిసెంబరు

ట్యాగ్ ఒక్కటే చెబితే నమ్మకూడదు. మామూలు కారును అరుదైన కారుగా చూపడానికి కొత్త ట్యాగ్‌లు అచ్చువేయించే వారున్నారు; రెండు మరలు విప్పితే ఒక ట్యాగ్ పోయి ఇంకొకటి వస్తుంది. అందుకే రేకులో నేరుగా కొట్టిన అంకెలు వెతికాను. రేడియేటరు పై పట్టీ మీద ఒకచోట, బానెట్ వెనుక అంచున రబ్బరు సీలు కింద మరొకచోట విన్ చివరి భాగం కనిపించింది, రెండూ సరిపోయాయి. డ్యాష్ పలకను మాత్రం ఏ కారణం చేతనూ కదిలించలేదు, మీరూ కదిలించవద్దు. విన్‌ను తొలగించడం, మార్చడం అమెరికా సమాఖ్య చట్టం కింద నేరం కావచ్చు.

ఇంజను దగ్గర కథ మారింది. బ్లాకును పోత పోసినప్పుడే దాని మీద పడిన సంఖ్య 2468130, అది 383దే. కానీ పక్కనున్న పోత తేదీ 1970 మార్చి నెలది. డిసెంబరులో తయారైన కారులోకి మార్చిలో పోసిన బ్లాకు కర్మాగారంలో చేరదు. ఆయిల్ పాన్ అంచుకు పైన కుడివైపున్న చదునైన చోట తుడిచి చూస్తే 0 జి తో మొదలయ్యే సంఖ్య ఉంది. జి అంటే సెయింట్ లూయిస్ కర్మాగారం, ఛాలెంజర్లు అక్కడ తయారు కాలేదు. వేరే కారు ఇంజను ఇందులోకి తరువాత వచ్చిందన్నమాట. గేర్‌బాక్సు మీద మాత్రం 0 బి తో మన కారు సంఖ్యే ఉండటం చూసి చాలా సంతోషించాను.

జనవరి

వెనుక సీటు విప్పినప్పుడు స్ప్రింగుల మధ్య బిల్డ్ షీటు దొరికింది. ఏ కారుకు ఏ భాగాలు బిగించాలో పనివారికి తెలిపే ఆ కాగితాన్ని ఎలుకలు సగం తినేశాయి. దాన్ని లాగకుండా, స్ప్రింగులతో సహా సీటును బోర్లించి, చదునైన బ్రష్షుతో ధూళి తీసి, రెండు పారదర్శక షీట్ల మధ్య పెట్టాను. మిగిలిన భాగంలో ఆర్డరు నంబరూ ఎఫ్ సి 7 కోడూ రెండూ ఉన్నాయి, ఆర్డరు నంబరు ట్యాగ్‌తో కలిసింది. నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు. ట్యాగ్‌ను మార్చగల మనిషి సీటు స్ప్రింగుల మధ్య అదే నంబరున్న, ఎలుకలు తిన్న కాగితాన్ని పెట్టలేడు.

రంగు కూడా దొరికింది. తలుపు లోపలి ప్యానెలు వెనుక, కార్పెట్ అడుగున, డిక్కీ మూలల్లో ఎరుపు కింద నేరేడు రంగు చెక్కుచెదరకుండా ఉంది. పైకప్పు మీద ఎర్రరంగును అరచేతి మేర తీస్తే వినైల్ పైకప్పు అంటించిన పాత జిగురు చారలు బయటపడ్డాయి.

డిక్కీ మూలలోని, ఎండ తగలని ఆ ముక్క పక్కన పెట్టి పోల్చిన తరువాతే రంగు కలపమని చెప్పాను. ట్యాగ్ మీది ఎరుపును నేను తీయడం లేదు. ఫెండరు రేకుకు రంగు వేసే రోజున దానిని విప్పి, అవే రెండు మరలతో అదే చోట బిగిస్తాను. సెయింట్ లూయిస్ ఇంజను ఉంటుంది, అమ్మే రోజు వస్తే అది ఈ కారు ఇంజను కాదని రాసి ఇస్తాను. 440 స్టిక్కరును మాత్రం ఈ రోజే పీకేశాను.