బీపీ చూసుకునే ముందు ఐదు నిమిషాలు

వరంగల్ ఏనుమాముల మార్కెట్లోని ఒక అడ్తి (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్) దుకాణంలో నేను 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కాలం. ఆ నాలుగు నెలలూ తెల్లవారకముందే బస్తాలు దిగుతాయి, ఆ రోజు ధర తేల్చే వేలం, అదే జెండా పాట, ముగియగానే కాంటాలు మొదలవుతాయి, పొద్దు గూకేలోపు ప్రతి రైతు చేతికీ తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, అందాలి. హమాలీ కూలీ, తూకం వేసే దడ్వాయి కూలీ, ముందుగా తీసుకున్న అప్పు పోగా రైతుకు మిగిలేదెంతో రాసేది నేనే కాబట్టి, ఒక్క అంకె తప్పినా ఒక ఇంటి ఏడాది కష్టం నా చేతిలో తారుమారవుతుందన్న భయం నన్ను ఏనాడూ విడిచిపెట్టలేదు. దానిని బాధ్యత అనుకున్నానే తప్ప జబ్బు కాగలదని అనుకోలేదు.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, రాత్రికి నాలుగు గంటల నిద్ర కూడా లేని రోజుల్లో, ఒక మధ్యాహ్నం పట్టీ రాస్తుండగా గుండె దడదడా కొట్టుకుంది. ఛాతీ బిగుసుకుపోయింది. వేళ్ల కొసల్లో, పెదవుల చుట్టూ తిమ్మిర్లు ఎక్కాయి. ప్రాణం పోతోందనే అనుకున్నాను. హమాలీ అన్నలు నన్ను ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఈసీజీ తీశారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కోసం రెండుసార్లు రక్తం పరీక్షించారు. గుండెపోటు కాదని తేలింది. బీపీ మాత్రం 170/104 ఉంది. ఆందోళన ఒక్కసారిగా ముంచెత్తినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తామని, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఆ తిమ్మిర్లు వస్తాయని డాక్టరు గారు వివరించారు. మాత్ర రాశారు, ఉప్పు తగ్గించమన్నారు, ఇంట్లో బీపీ యంత్రం పెట్టుకుని ఉదయం, సాయంత్రం చూసుకోమన్నారు. చూసుకునే ముందు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలని మరీ మరీ చెప్పారు.

ఆ ఐదు నిమిషాలే నాకు కష్టమయ్యాయి. పని చేస్తున్నప్పుడు వినబడని గుండె చప్పుడు కదలకుండా కూర్చుంటే చెవుల్లో మోగేది, దానితో భయం ఇంకా పెరిగేది. మొదటి వారమంతా అంకెలు దిగలేదు. ఒక సాయంత్రం చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అవ్వ నన్నే చూస్తూ, "గట్ల బిగవట్టుకొని కూసుంటె ఎట్ల బిడ్డా, భుజాలు కిందికి ఇడువు" అన్నది. అప్పుడు చూసుకున్నాను: నా భుజాలు చెవులకు ఆనుకునేంత పైకి లేచి ఉన్నాయి, దవడలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. భుజాలు దించగానే లోపల నిలిచిపోయిన ఊపిరి దానంతట అదే పొడుగ్గా బయటికి వచ్చింది. కూర్చోవడమంటే ఏమిటో నాకు 46వ ఏట ఆ సాయంత్రం తెలిసింది.

తరువాత అది మార్కెట్లో కూడా చేయబోయాను. గాఢంగా ఊపిరి పీల్చమని అందరూ చెప్పే మాట మిర్చి యార్డులో పనికిరాదు. ఒక్కసారి నిండుగా పీలిస్తే ఘాటుకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. డాక్టరు గారిని అడిగితే, పీల్చడం కన్నా వదలడమే ముఖ్యమని, గాలి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పని పెరిగి గుండె వేగం కొంత తగ్గుతుందని చెప్పారు. అప్పటి నుంచి మామూలుగా పీల్చి, అంతకు రెట్టింపు సేపు వదలడం అలవాటు చేసుకున్నాను. పొద్దున దుకాణం తెరవకముందు గేటు దగ్గరి వేపచెట్టు కింద ఒకసారి, పట్టీలు మొదలుపెట్టే ముందు కలం పక్కన పెట్టి రెండు అరచేతులూ ఖాతా పుస్తకం మీద ఆనించి ఒకసారి. రెండు మూడు నిమిషాలు, అంతే. ఇంటికి వెళ్లే దారిలో వీలైతే భద్రకాళి చెరువు కట్ట మీద ఆగుతాను.

ఏప్రిల్‌లో దడ మళ్లీ ఒకసారి వచ్చింది. ఈసారి అది ఏమిటో తెలుసు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను, పావుగంటలో తగ్గింది. వర్షాకాలం నాటికి బీపీ 130కి అటూ ఇటూగా నిలిచింది. అందులో మాత్ర వంతు ఉంది, ఉప్పు తగ్గించిన వంతు ఉంది, తిరిగి వచ్చిన నిద్ర వంతూ ఉంది. ధ్యానం మొదలుపెట్టాక మందులు మానేయవచ్చని చెప్పేవారి మాట వినకండని నా తోటి గుమాస్తాలను బతిమాలి చెబుతున్నాను, ఎందుకంటే డాక్టరును అడగకుండా నేను ఇప్పటికీ ఒక్క మాత్ర కూడా మానలేదు.

సాయంత్రం నేను యంత్రం ముందు కూర్చోగానే అవ్వ టీవీ గొంతు తగ్గించి, చేతిలోని పని పక్కన పెట్టి, గడప మీద కూర్చుంటుంది. చేతి పట్టీ బిగిసి, గాలి వదిలి, అంకె పడేదాకా తానూ మాట్లాడదు.