పక్షవాతం తర్వాత చొక్కా తొడుక్కోవడం

చెన్నైలో ఆక్యుపేషనల్ థెరపీకి (రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే చికిత్సకి) వచ్చే మన తెలుగువాళ్లు ముందు అడిగేది, "చెయ్యి ఎప్పుడు లేస్తుందండీ?" అని. ఇంట్లో ఏ పని సొంతంగా చేసుకోవాలని ఉందో పేషెంటునే అడగడం అంతకన్నా ముఖ్యం. చొక్కా తొడుక్కోవాలని ఉంది అంటే సెషన్ చొక్కాతోనే జరగాలి. ఊరికే బంతి పిసికిస్తే గుండీ పెట్టుకోవడం రాదు.

గట్టి కుర్చీలో, రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చోవాలి. పడిపోయిన చెయ్యి ముందు తొడిగి, స్లీవు భుజం దాకా లాగాకే మంచి చెయ్యి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. ఇంట్లోవాళ్లు తొందరలో పడిపోయిన చెయ్యి పట్టి లాగేస్తారు, దయచేసి వద్దు! కండరాల పట్టు లేక కీలు జారి, భుజం నొప్పి పట్టుకుంటుంది. ఇక్కడి ఉక్కకి స్లీవు ఒంటికి అతుక్కుంటుంది. చెమట తుడిచి, వదులైన కాటన్ చొక్కా ఇవ్వండి. గుండీ దగ్గర తడుముకుంటుంటే కాసేపు ఆగండి. మొదట్లో మిగతావి మీరు పెట్టి, చివరి గుండీ ఒక్కటి ఆయనకు వదలండి.