గుర్తులకు ముందు స్వరం

అమెరికాలో బడిపిల్లలకు పాట ఒక పాఠమైన దారి తలుచుకుంటే లోవెల్ మేసన్ మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది. పుట్టింది 1792లో, మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫీల్డ్‌లో. జార్జియా రాష్ట్రంలోని సవానాలో బ్యాంకు ఉద్యోగం చేస్తూనే చర్చి సంగీతం నడిపాడు. 1833లో బోస్టన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ స్థాపనలో ముందు నిలిచాడు. 1837-38లో బోస్టన్‌లోని హాస్ స్కూల్లో జీతం తీసుకోకుండా నేర్పి చూపించాకే, 1838 ఆగస్టులో బోస్టన్ స్కూల్ కమిటీ సంగీతాన్ని పాఠ్యాంశం చేసింది.

అసలు విలువైనది ఆయన పద్ధతి. స్విస్ విద్యావేత్త పెస్టలోజీ ఆలోచనలే దానికి మూలం. ముందు ధ్వని, తర్వాతే దాన్ని రాసే గుర్తులు, అంటే నొటేషన్. లయ, రాగవరుస, భావం మూడూ విడివిడిగా. ఒకటి పట్టుబడ్డాకే రెండోది. టీచర్ చిన్న ముక్క మెల్లగా పాడాలి, పిల్లలు వినాలి, ఆ తర్వాత వాళ్లే పాడాలి. టీచర్ పిల్లలతో కలిసి పాడకూడదు! చాలా తరగతుల్లో దెబ్బతినేది ఇక్కడే: పిల్లలు టీచర్ పెద్దగొంతును పట్టుకుని వెళ్తారు, తమ శ్రుతి తప్పినా వాళ్లకు వినపడదు. నొటేషన్ ముందే మొదలుపెడితే కళ్లు పనిచేస్తాయి, చెవి నిద్రపోతుంది.

సిద్ధాంతం సాధన తర్వాతే చెప్పాలన్నాడు. నా మటుకు, ఆయన కూర్చిన పాటల పుస్తకాలకన్నా ఇదే ఆయన పెద్ద కానుక.