అప్పులిచ్చిన చోటికే సీసాలతో

ప్రభుత్వ రంగ బ్యాంకులు 2000–01లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ప్రకటించినప్పుడు బయటికొచ్చినవాళ్లలో నేనొకణ్ణి. తోటివాళ్లు ఫ్లాట్లు కొన్నారు, వడ్డీలకు తిప్పుకున్నారు. నేను ఎంట్రన్స్ రాసి విశాఖలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఎమ్మెస్సీలో చేరాను. బంధువులంతా నవ్వారు. మా ఆవిడ మాత్రం "పోన్లెండి, పొద్దుటిపూట ఇంట్లో ఉండరు" అంది.

క్లాసులో మొదట అంకుల్‌ని, నెల తిరిగేసరికి బాబాయ్‌ని. మాస్టార్లలో కొందరు నాకంటే చిన్నవాళ్లు. పిల్లల్ని "నువ్వు చెప్పు" అని లేపేవారు, నన్ను "మీరు" అనాల్సి వస్తుందని అసలు లేపేవారే కాదు. ఆ సౌకర్యాన్ని ఫస్టియరంతా బాగా వాడుకున్నాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ అయితే పూర్తిగా మర్చిపోయాను. దాని సంగతి ఇక్కడ వద్దు.

నేను కైకలూరు వైపు ఫీల్డాఫీసరుగా చేసినవాణ్ణి. కొల్లేరు చుట్టూ చేపల చెరువులకు అప్పులివ్వడం నా పని. ముసురు పట్టిందంటే రైతులకు నిద్ర ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు. తెల్లారుజామున శీలావతి, బొచ్చె పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే బాకీ కూడా తేలిపోతున్నట్టే లెక్క. అది ఆక్సిజన్ తగ్గడం వల్లనని అందరికీ తెలుసు. ఎంత తగ్గిందో సీసాలో పట్టి చూడటం మాత్రం ల్యాబులోనే నేర్చుకున్నాను.

సెకండియర్‌లో ఫీల్డ్ ట్రిప్‌కి కొల్లేరే వెళ్లాం. గట్టు మీద గొంతుక్కూర్చుని, నీళ్ల సీసాలో మాంగనస్ సల్ఫేటు, వెంటనే ఆల్కలైన్ అయొడైడు వేసి, మూత బిగించి తిరగేశాం. తెల్లవారుజామున పట్టిన సీసాలో దిగిన మడ్డి దాదాపు తెల్లగానే ఉంది. అదే చెరువులో మధ్యాహ్నం పట్టినదాంట్లో ముదురు గోధుమ రంగు, అంటే ఆక్సిజన్ బాగా ఉన్నట్టు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు పీల్చేస్తుంది. కోళ్ల పెంట ఎక్కువేసిన చెరువులో ఈ తేడా మరీ ఎక్కువ. ఇది ఉద్యోగంలో ఉండగా తెలిసుంటే అప్పు ఫారంలో ఇంకో గడి పెట్టించేవాణ్ణి.

కొల్లేట్లో ఈ చెరువులు ఉండాలా వద్దా అన్న అసలు గొడవ బస్సులో తిరిగొచ్చేటప్పుడు మొదలైంది. అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసే హద్దు) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఎకాలజీ మాస్టారు గూడబాతుల గురించి చెబుతున్నారు. లా మాస్టారు 1972 వన్యప్రాణి చట్టం తీశారు. హైడ్రాలజీ ఆయన బుడమేరు, తమ్మిలేరు వరద మొత్తం కొల్లేట్లోకి దిగి ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలని, గట్లు అడ్డమైతే ఎగువ ఊళ్లు మునుగుతాయని అన్నారు. ఎవరికి వారే రైటు. 1970ల్లో లంక గ్రామాల జాలర్ల సొసైటీలకు ఈ చెరువులు తవ్వించి ఇచ్చింది ప్రభుత్వమేనన్న మాట మాత్రం ఎవరి సిలబస్‌లోనూ లేదు. అప్పుడు నోరు తెరిచాను. కాగితం మీద సొసైటీ, గట్టు మీద లీజుదారు. అప్పు ఎవరి పేర రాశామో, లాభం ఎవరింటికి పోయిందో నాకు ఊరూరా తెలుసు. తుని దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. లా మాస్టారు నోట్స్ రాసుకున్నారు. మర్నాటి నుంచి నన్ను కూడా లేపి ప్రశ్నలడగడం మొదలుపెట్టారు, నా సుఖం అంతటితో సరి.

2006లో అభయారణ్యంలోని గట్లు కొట్టేశారు. ఆ వారం మా బ్యాచ్ పిల్ల ఒకమ్మాయి ఫోన్ చేసి "బాబాయ్, మీ అప్పులన్నీ కొల్లేట్లో కలిశాయా?" అంది. "నావి కాదమ్మా, బ్యాంకువి" అన్నాను. రెండేళ్లకు అసెంబ్లీ కాంటూరును అయిదు నుంచి మూడుకు తగ్గించమని తీర్మానం చేసింది. ఆ చర్చ ఇప్పటికీ సాగుతోంది, నన్నూ అడుగుతుంటారు. గీత ఎక్కడ గీసినా ముందు ఉప్పుటేరు పూడిక తీయాలి, సొసైటీ సభ్యుల పేర్లు ఇంటింటికీ వెళ్లి సరిచూడాలి అంటాను. రెండో పనికి పిలిస్తే ఈ వయసులో కూడా వస్తాను. పాత మోటారు సైకిలు ఇంకా నడుస్తూనే ఉంది.