కంచెకు అవతల ఆడుకునే పిల్లలు

అమెరికాలోని హ్యూస్టన్‌లో, షిప్ చానెల్ అనే ఓడల కాలువ ఒడ్డున ఉన్న ఒక పెట్రోరసాయన కర్మాగారంలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా చేరి పదకొండేళ్లయింది. మా గేటు దాటి లోపలికి వెళ్లే ప్రతి మనిషి చొక్కాకూ అరచేతిలో ఇమిడేంత గ్యాస్ మానిటర్ ఒకటి తగిలించి ఉండాలి. అది లేకుండా లోపల తిరిగితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే. ఆ పరికరాలు సరైన అంకెలు చూపుతున్నాయో లేదో పరీక్షించడం నా పనిలో ఒక భాగం. ఇన్నేళ్లలో ఏ కర్మాగారాన్నీ కంచెకు అవతలి నుంచి చూడలేదన్న సంగతి, నిరుడు ఒక శనివారం ఉదయం మా అమ్మాయిని ఆ కాలువ పక్కనే ఉన్న మాంచెస్టర్ పేటలోని హార్ట్‌మన్ పార్కు దగ్గర దించేదాకా నాకు తట్టనే లేదు. పార్కులో పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. వాళ్ల వెనుకనే రిఫైనరీ ట్యాంకులు ఉన్నాయి. ఏ ఒక్కరి చొక్కాకూ మానిటర్ లేదు.

మా అమ్మాయి పదకొండో తరగతి. గాలిలోని కాలుష్యాన్ని కొలవడం నేర్చుకుంటున్న కుర్రవాళ్ల బృందం ఒకటి ఉందనీ, తనూ వెళ్తాననీ అడిగితే సరేనన్నాను. నిజం చెప్పాలంటే నా లెక్క వేరు. హ్యూస్టన్ శివారు షుగర్‌ల్యాండ్‌లో ఉండే మా తెలుగు తల్లిదండ్రుల మధ్య వాలంటీరు గంటలకు ఉన్న విలువ బంగారానికి కూడా లేదు. కాలేజీ దరఖాస్తులో ఎన్ని గంటలు చూపించవచ్చన్నదే మా మొదటి ప్రశ్న. ఆ బృందంలోని మాంచెస్టర్ పిల్లలకు అలా జీతం లేకుండా గంటలు గడిపే వెసులుబాటు లేదని మొదటి రోజే తెలిసింది. ఒకడు సాయంత్రాలు టైర్ల షాపులో పనిచేస్తాడు, ఒక అమ్మాయి తమ్ముళ్లను చూసుకోవాలి. అందుకే ఆ బృందాన్ని నడిపేవారు పిల్లలు వచ్చిన ప్రతి గంటకూ డబ్బు ఇస్తారు, భోజనం పెడతారు, బస్సు చార్జీ ఇస్తారు. కాలుష్యంపై ఉద్యమానికి కూలి ఏమిటని మొదట నొసలు చిట్లించిన వాడిని నేనే. యువతను కలుపుకుపోవాలని సభల్లో చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, ఆ పిల్లవాడు ఆ పూట వదులుకునే జీతం ఎవరిస్తారని అడిగేవారు తక్కువ.

ఇళ్లు ఎక్కడ, కర్మాగారాలు ఎక్కడ అని హద్దులు గీసే జోనింగ్ చట్టం లేని నగరాల్లో అమెరికా మొత్తం మీద హ్యూస్టనే పెద్దది. ఏ పేట పక్కన ఏది కట్టాలన్నది చాలావరకు భూమి ధరా, అడ్డుకోగలిగిన వాళ్ల బలమూ తేలుస్తాయి. 1979లో నార్త్‌వుడ్ మేనర్ అనే నల్లజాతి మధ్యతరగతి పేట దగ్గర చెత్త డంపు పెట్టబోతే, లిండా మెకీవర్ బుల్లార్డ్ అనే న్యాయవాది స్థానికుల తరఫున కోర్టుకు వెళ్లారు. టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో సమాజశాస్త్రం బోధిస్తున్న ఆమె భర్త రాబర్ట్ బుల్లార్డ్, తన తరగతి విద్యార్థులతో కలిసి నగరంలోని డంపులన్నిటి లెక్కా తీశారు. నగరపాలక సంస్థ డంపులు ఐదుకు ఐదూ, చెత్త కాల్చే కొలుములు ఎనిమిదింట ఆరూ నల్లవారి పేటల్లోనే తేలాయి. జనాభాలో చూస్తే వాళ్లు నాలుగో వంతు మాత్రమే. కేసు ఓడిపోయారు గానీ, కాలుష్యం భారమంతా పేదల, శ్వేతేతరుల పేటల మీదే పడకూడదనే, పర్యావరణ న్యాయం అని నేడు పిలుస్తున్న ఉద్యమానికి పునాదిరాళ్లలో ఒకటి ఆ లెక్కే. చరిత్ర చెప్పేవారు బుల్లార్డ్ పేరు గౌరవంగా తలుస్తారు, అది సబబే. వీధులు తిరిగిన ఆ విద్యార్థులు మాత్రం ‘తరగతి’ అన్న ఒక్క మాటలో కలిసిపోతారు. యువతను ఈ ఉద్యమంలో కొత్తగా చేర్చుకోవాలన్నట్టు ఎవరైనా మాట్లాడినప్పుడు నాకు ఆ తరగతే గుర్తుకొస్తుంది.

మా వృత్తిలో రోజూ వాడే ఒక అంకె ఉంది. కార్మికుడు ఎనిమిది గంటల పనిలో సగటున పీల్చదగిన బెంజీన్ (క్యాన్సర్ కలిగించే రసాయనం) గాలిలో పది లక్షల భాగాలకు 1 భాగం మించకూడదు. ఆ పరిమితి పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోయే పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఆ బృందంలో కూర్చున్న పదిహేనేళ్ల కుర్రవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇదే: "మరి మా ఇల్లే ఇక్కడ ఉంది కదా, మాకు ఎన్ని గంటల లెక్క?" టెక్సస్ విశ్వవిద్యాలయ ప్రజారోగ్య పరిశోధకులు చేసిన ఒక అధ్యయనంలో, షిప్ చానెల్‌కు 2 మైళ్ల లోపు ఉన్న పిల్లల్లో ఒక రకం రక్త క్యాన్సర్, 10 మైళ్లకు పైగా దూరంలో ఉన్న పిల్లలతో పోలిస్తే 56 శాతం ఎక్కువగా కనిపించింది. కారణం ఇదేనని ఆ అధ్యయనం తేల్చలేదు, తేల్చినట్టు చెప్పడం నా వృత్తికి తగదు కూడా. అయినా ఆ కుర్రవాడికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ పిల్లలు నేర్చుకుంటున్నది నినాదాలు కాదు. 2015లో వచ్చిన అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం రిఫైనరీలు తమ కంచె చుట్టూ చిన్న గొట్టాలు పెట్టి, రెండు వారాలకొకసారి తీసి, బెంజీన్ ఎంత చేరిందో లెక్కగట్టాలి. ఏడాది సగటు ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెదికి సరిచేయాలి. ఆ అంకెలు ప్రజలకు అందుబాటులో ఉంటాయి, చదవగలిగిన వాళ్లు మాత్రం తక్కువ. రెండు వారాల సగటులో ఒక రాత్రి లీకు ఎలా మునిగిపోతుందో మాంచెస్టర్ అమ్మాయి ఒకతె చార్టు గీసి చూపించింది. మా ట్రెయినీ ఇంజినీర్లు కొందరికి ఆ సంగతి విడమరచి చెప్పడానికి నాకు వారం పట్టింది.

నేను విశాఖ పారిశ్రామిక ప్రాంతం పక్కన పెరిగినవాణ్ణి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి ఇళ్లను కమ్మేసి 12 మంది చనిపోయినప్పుడు, ఇక్కడ రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. అంతకు ముందు ఏడాది మార్చిలో ఇక్కడ షిప్ చానెల్ పక్కన డీర్ పార్క్ ఊళ్లో రసాయన ట్యాంకులు రోజుల తరబడి తగలబడితే మాత్రం, మా వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల్ని బడికి పంపాలా వద్దా అన్న చర్చ తప్ప ఆ కాలువ ఒడ్డునే ఉండే గెలీనా పార్క్ వాళ్లు ఎలా ఉన్నారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నల్లమబ్బు తేలిపోగానే కూపన్ల ముచ్చట్లు మళ్లీ మొదలయ్యాయి.

ఇక్కడి ఫారాల్లో మా అమ్మాయి కూడా శ్వేతేతర యువతే. ఒక కర్మాగారం విస్తరణ అనుమతిపై బహిరంగ విచారణ జరిగినప్పుడు, సభ నిర్వాహకులలో ఒకరు తనను వేదిక ఎక్కమన్నారు. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, ఫోటోలో బాగుంటుంది. తను ఒప్పుకోలేదు. "నాన్నా, మన ఇంటికీ ఆ పొగకూ ముప్పై మైళ్లు. నేను మాట్లాడితే అక్కడుండే వాళ్ల కుర్చీ ఒకటి నేను ఆక్రమించినట్టు," అంది. 1991లో వాషింగ్టన్‌లో సమావేశమైన శ్వేతేతర పర్యావరణ నాయకులు, నిర్ణయం జరిగే ప్రతి అంచెలోనూ సమాన భాగస్వాములుగా ఉండే హక్కు కోరుతూ 17 సూత్రాలు రాసుకున్నారు. చర్మం రంగు ఒక్కటే చూసి మనిషిని వేదిక మీద కూర్చోబెడితే ఆ కోరిక తీరినట్టు కాదని నా కూతురు నాకంటే ముందే గ్రహించింది.

ఆ సాయంత్రం చార్టు గీసిన అమ్మాయే మాట్లాడింది. తనకిచ్చిన మూడు నిమిషాల్లో సగం తన మాటలకూ, సగం స్పానిష్ మాత్రమే వచ్చిన తల్లి మాటలను ఇంగ్లీషులో చెప్పడానికీ సరిపోయింది. తల్లి వాక్యం మధ్యలో ఉండగానే గంట కొట్టారు. నేను చివరి వరుసలో, కంపెనీ బ్యాడ్జి జేబులో దాచుకుని కూర్చున్నాను.

ఇప్పుడు నెలకు రెండు శనివారాలు నేనూ వెళ్తున్నాను. వాళ్లు కొనుక్కున్న చవక సెన్సర్లు తేమకు ఎలా తప్పుడు అంకెలు చూపుతాయో, వాటిని ఎలా సరిచూడాలో చెబుతాను. ఆ అంకెలతో ఏం చేయాలన్నది వాళ్లు తేల్చుకుంటారు, అప్పుడు నేను బయట కారులో కూర్చుంటాను. మా సూపర్‌వైజరుకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.