ఎక్సెల్ ముఖం వరకే, ఇంజిన్ వేరే ఉండాలి

దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థకి అంచనాలు కట్టే మోడల్ అనగానే పెద్ద సర్వర్లు, నల్ల స్క్రీన్ మీద పరిగెత్తే కోడ్ ఊహించుకుంటాం. తీరా ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చుంటే చాలాచోట్ల కనిపించేది ఎక్సెల్. అడ్డంగా త్రైమాసికాలు, నిలువుగా జీడీపీ, వినియోగం, ద్రవ్యోల్బణం, వడ్డీ రేటు, చమురు ధర, కింద లెక్కలేనన్ని ట్యాబులు. నాకు దీని మీద చిన్నచూపేమీ లేదు, నేనూ అందులోనే పని చేస్తాను. కాకపోతే ఎవరైనా "మా మోడల్ ఎక్సెల్‌లో నడుస్తుంది" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: లెక్క ఎక్సెలే చేస్తోందా, లేక వెనకాల ఇంకో సాఫ్ట్‌వేర్ చేసి జవాబుని ఎక్సెల్‌లోకి పంపిస్తోందా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. నడిపేటప్పుడు మాత్రం పోలికే లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఈ మోడళ్లలో ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడి ఉంటుంది. వినియోగం ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ఆ ఆదాయంలో వినియోగమే పెద్ద భాగం. వడ్డీ రేటు ద్రవ్యోల్బణాన్ని బట్టి మారుతుంది, ద్రవ్యోల్బణం డిమాండ్‌ని బట్టి, డిమాండ్ మళ్లీ వడ్డీ రేటుని బట్టి. విత్తు ముందా చెట్టు ముందా అన్న బాపతు. ఎక్సెల్‌కి ఇది నచ్చదు, సర్క్యులర్ రిఫరెన్స్ అని హెచ్చరిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ఆప్షన్స్‌లోకి వెళ్లి ఇటరేటివ్ క్యాలిక్యులేషన్ అనే పెట్టెలో టిక్కు పెడతారు, హెచ్చరిక పోతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

ఆ టిక్కు పక్కన రెండు అంకెలుంటాయి, ఎవరూ మార్చకపోతే 100, 0.001. అంటే ఎక్కువలో ఎక్కువ 100 సార్లు తిప్పి లెక్కేస్తుంది, ఈలోపే ఒక తిప్పుకీ ఇంకో తిప్పుకీ మధ్య మార్పు 0.001 కన్నా తగ్గితే ఆపేస్తుంది. ఓ చిన్న ఉదాహరణ కట్టి చూడండి. పై సెల్‌లో వినియోగం, అది 100 ప్లస్ ఆదాయంలో 0.95 వంతు. కింది సెల్‌లో ఆదాయం, అది వినియోగం ప్లస్ 400. చేత్తో వేస్తే 500ని 0.05తో భాగించాలి, జవాబు 10,000. ఎక్సెల్ సున్నా నుంచి మొదలుపెట్టి 100 సార్లు తిప్పి దాదాపు 9,941 దగ్గర ఆగిపోతుంది. ఎర్రర్ లేదు, ఎర్ర రంగు లేదు, "ఇంకా తేలలేదు" అన్న మాట కూడా ఉండదు. మళ్లీ లెక్కించమనే ఎఫ్9 బటన్ నొక్కితే ఇంకో 100 తిప్పి 9,999 దాటుతుంది. ఒక్క ఇన్‌పుట్ కూడా మార్చకుండా, ఉత్తినే బటన్ నొక్కితే జీడీపీ పెరిగిందన్నమాట! 0.95 కాస్త అతే, ఒప్పుకుంటాను, 0.8 పెడితే అరవై తిప్పుల్లో సర్దుకుంటుంది. కానీ నిజం మోడల్‌లో ఇలాంటి చుట్లు ఒకదానిలో ఒకటి పడి డజన్లకొద్దీ ఉంటాయి, అందులో ఏది ఎంత నెమ్మదో బయటికి తెలీదు.

ఆ 0.001 సంగతి ఇంకా తమాషా. అంకెలు కోట్లలో ఉంటే అది అతి సూక్ష్మం. అదే వృద్ధి రేటుని 0.065 అని రాసుకున్న షీట్‌లో 0.001 అంటే పదో వంతు శాతం. వృద్ధి 6.5 అనాలా 6.6 అనాలా అని మీటింగుల్లో గంటలకొద్దీ వాదించుకునే మనుషులం, అంత తేడా ఉన్నా "చాల్లే" అని ఆగిపోయే లెక్కని నమ్ముకుంటున్నామన్నమాట. పైగా ఈ సెట్టింగ్ ఫైలుతో పాటు నమ్మకంగా రాదు, ఆ రోజు మీరు ముందుగా తెరిచిన ఫైలు ఏ సెట్టింగ్‌తో ఉంటే తర్వాత తెరిచినవాటికీ అదే పడుతుంది. ఇక ఆ చుట్టులోకి ఒక్కసారి సున్నాతో భాగించిన ఎర్రర్ చొరబడిందా, ఇన్‌పుట్ సరిచేసినా అది పోదు, ఎందుకంటే ప్రతి సెల్ పాత ఎర్రర్‌నే మళ్లీ తిని మళ్లీ ఎర్రర్‌నే కంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఎక్కడో ఒకచోట 0/1 స్విచ్ సెల్ పెట్టుకుంటారు, చుట్టుని కాసేపు తెంపి మళ్లీ కలపడానికి.

ఇక జనం రేపటి ద్రవ్యోల్బణాన్ని ఊహించుకుని ఇవాళ నిర్ణయాలు తీసుకుంటారు అని పెట్టే మోడళ్లయితే కుడివైపు కాలమ్ నుంచి, అంటే రాబోయే త్రైమాసికం నుంచి, ఎడమవైపుకి కూడా లింకులు రావాలి. దాన్ని షీట్ ఫార్ములాలతో చేద్దామని చూడకండి, అంతే.

అందుకే నా మాట: సమీకరణాలు, వాటిని సాల్వ్ చేసే పని ఈవ్యూస్ అనే ఎకనామిక్స్ సాఫ్ట్‌వేర్‌కో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకో వదిలేయండి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తమ ఆర్థిక వ్యవస్థ కోసం కట్టి బయట పెట్టిన ఎఫ్ఆర్‌బీ/యూఎస్ మోడల్ కూడా ఆ రెండింట్లోనే దొరుకుతుంది. అయితే అన్నిటికీ ఇదే వర్తించదు. ఐఎంఎఫ్ నేర్పే ఫైనాన్షియల్ ప్రోగ్రామింగ్ ఉంది, ఉత్పత్తి, ప్రభుత్వ ఖాతా, విదేశీ చెల్లింపులు, బ్యాంకింగ్ రంగం నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూసే పని. అందులో ఎక్కువ భాగం జమాఖర్చుల పొంతనే కాబట్టి దానికి ఎక్సెల్ చక్కగా సరిపోతుంది.

మరి ఇంజిన్ బయట ఉంటే ఎక్సెల్ ఎందుకు? మనిషి చెయ్యి పడే చోటు కోసం. ఏ మోడల్ అంచనానీ ఉన్నదున్నట్టు ఎవరూ బయటికి పంపరు. వచ్చే త్రైమాసికంలో పన్ను పెరగబోతోందని మనకి తెలుసు, సమీకరణానికి తెలీదు. అలాంటప్పుడు దానికి కొంత కలుపుతాం, దాన్నే యాడ్ ఫ్యాక్టర్ అంటారు. మంచి షీట్‌లో ఒక్కో అంశానికి మూడు వరుసలుండాలి: మోడల్ ఒంటరిగా చెప్పింది 4.1, మనం కలిపింది 0.3, చివరికి పంపింది 4.4. పక్కనే ఎందుకు కలిపామో ఒక వాక్యం, ఎవరు కలిపారో పేరు. ఈ మూడూ విడివిడిగా కనిపించకుండా 4.4 ఒక్కటే ఫార్ములా మీద టైప్ చేసేస్తే, ఆర్నెల్ల తర్వాత అది మోడల్ మాటో మేనేజర్ మాటో ఎవరూ చెప్పలేరు. అలాగే ఒకే అంశానికి వరసగా ఎనిమిది త్రైమాసికాలు 0.3 కలుపుతూనే ఉన్నామంటే అది జడ్జ్‌మెంట్ కాదు, సమీకరణం పాడైంది, డేటాతో మళ్లీ ఎస్టిమేట్ చేయాలి. ఈ సంగతి కోడ్‌లో దాక్కుంటుంది, షీట్‌లో వరుసగా కంటికి కొడుతుంది. నాకు ఎక్సెల్ మీద ప్రేమంటే ఇదే.

ఎక్సెల్ తప్పులనగానే, ప్రభుత్వ అప్పుకీ వృద్ధికీ సంబంధం మీద రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు రాసిన పేపర్ కథ చెబుతారు. 2010లో వచ్చిన ఆ పేపర్‌లో సగటు ఫార్ములా 20 దేశాల్లో ఐదింటిని వదిలేసిందని 2013లో హెర్న్‌డన్, యాష్, పోలిన్ అనే పరిశోధకులు బయటపెట్టారు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం అని తేల్చారు. నిజానికి ఆ తేడాలో ఫార్ములా వాటా చిన్నదే, కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, దేశాలకి వెయిట్లు వేసిన పద్ధతి అసలు కారణాలు. ఇంకొకటి, ఆ షీట్ హెర్న్‌డన్ వాళ్ల చేతికొచ్చింది కాబట్టే తప్పు దొరికింది.

కొత్త షీట్ ఏదైనా చేతికిస్తే నేను ముందు చేసేది షాక్ విలువలన్నీ, అంటే చమురు ధర పెరిగితే లాంటి ఊహాత్మక మార్పులన్నీ, సున్నా పెట్టి రన్ కొట్టడం. జవాబు బేస్‌లైన్‌తో, అంటే ఏ మార్పూ లేని అసలు అంచనాతో, చివరి దశాంశం దాకా కలవాలి. కలవకపోతే ఎవరో ఎక్కడో ఫార్ములా మీద అంకె పేస్ట్ చేసి ఉంటారు, లేదా లెక్క ఇంకా తేలలేదు. ఈ రెండింట్లో ఏదో తెలిసేదాకా చమురు ధర పెంచి చార్టులు గీయమని అడిగితే నేను గీయను.