70 గడుల్లో అమ్మకు ఉత్తరం

మంగళవారం, రాత్రి పదిన్నర

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. ప్రెస్సులో పెళ్లి కార్డుల పని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చుంటే, మధ్యాహ్నం భోజనానికి తప్ప లేవలేదు. అయినా గదికి రాగానే ఫోన్ మూత తీసి అమ్మకు మెసేజ్ రాశాను. అది రాయకపోతే నాకు రోజు పూర్తయినట్టు ఉండదు.

నాది కీప్యాడ్ ఉన్న చిన్న ఫ్లిప్ ఫోన్. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది. మూత తీస్తే కాల్ ఎత్తినట్టు, మూస్తే పెట్టేసినట్టు. మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది, తెరిచామో మూశామో ఫోన్ దాన్ని బట్టే పసిగడుతుంది. ప్రెస్సులో నాకిది ఎంత సుఖమో చెప్పలేను. ఆపరేటర్ రాని రోజు మిషన్ దగ్గర నేనే చెయ్యి వేస్తాను. వేళ్ల నిండా సిరా, రోలర్లు తుడిచిన కిరోసిన్, బైండింగ్ గమ్ము. టచ్ స్క్రీన్ వేలిలోని విద్యుత్తును బట్టి పనిచేస్తుంది కాబట్టి తడి చేత్తో, చేతికి గ్లౌజు ఉంటే సరిగా పలకదు. బటన్‌కు ఆ బాధ లేదు, నొక్కితే చాలు.

ఇంకొకటి. కంప్యూటర్ కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల దగ్గర చిన్న గీతలు పైకి ఉబికి ఉంటాయి. చూడకుండా చూపుడు వేళ్లు అక్కడికి చేరడానికి. నా ఫోన్‌లో 5 మీద అలాగే ఒక చుక్క ఉంది. జేబులో చెయ్యి పెట్టి మూత తెరిచి, బొటనవేలికి ఆ చుక్క తగిలితే చాలు, మిగతా అంకెలు ఎక్కడున్నాయో వేలికి తెలిసిపోతుంది. టైపింగ్‌తో బతికేవాడిని కాబట్టి ఆ చుక్క మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. కానీ అంకెల వరుస మాత్రం రెండింటికీ తలకిందులు. కంప్యూటర్ కీబోర్డు కుడివైపు అంకెల మీటల్లో, క్యాలిక్యులేటర్‌లో 7-8-9 పైన ఉంటాయి. ఫోన్‌లో 1-2-3 పైన. బటన్ల ఫోన్లు రాకముందే అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు అంకెలను రకరకాలుగా అమర్చి, మనుషులతో నొక్కించి చూసి ఆ వరుస ఎంచుకున్నారు. ఆ పరీక్షల ఫలితాలు 1960లో అచ్చయ్యాయి. రోజంతా కార్డుల మీద వియ్యాలవారి సెల్ నంబర్లు కొట్టే నా చేతికి సాయంత్రం ఫోన్ పట్టుకోగానే ఇంకో వరుస కావాలి. ఇప్పుడు రెండూ వాటంతటవే వస్తున్నాయి. చెయ్యి నేర్చుకున్న విద్య మనసుకు చెప్పే పని ఉండదు.

మధ్యాహ్నం తాత వచ్చాడు. ఒకప్పుడు ఇదే ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్. కొండారెడ్డి బురుజు వైపు ఏ పని ఉన్నా మమ్మల్ని చూడకుండా పోడు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి మా కర్నూలును ముంచినప్పుడు ఆయన టైపు కేసులు, అంటే ఆ సీసపు అక్షరాల అరల పెట్టెలన్నీ బురదలో పోయాయి. అప్పటికే ఆ అక్షరాలతో పని లేకపోయినా, ఆయన వాటిని కడిగి ఆరబెట్టాలని చూశాడట.

నేను అప్పుడే అచ్చుకు పంపాల్సిన కార్డు సరిచూస్తున్నాను. పైన మామూలే, శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తాతకు ఒక సంగతి చెప్పాలనిపించింది. "తాతా, ఈ మూడు మాటలూ కంటికి 12 అక్షరాలు. నా ఫోన్‌లో మెసేజ్‌గా పంపితే మధ్య ఖాళీలతో కలిపి 30 గడులు తింటాయి" అన్నాను.

"ఎందుకట్ల?"

ఒక మెసేజ్ మోయగలిగేది 1120 బిట్లు, బిట్ అంటే కంప్యూటర్ లెక్కలో అన్నిటికన్నా చిన్న ముక్క. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు సరిపోతాయి కాబట్టి 160 పడతాయి. తెలుగు అక్షరానికి 16 కావాలి, అందుకే 70 గడులే. ఇంగ్లిష్ మెసేజ్ మధ్యలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం 70 లెక్కకే వస్తుంది. అంతకు మించి రాస్తే ముక్కలు చేసి పంపుతుంది. ఆ ముక్కలను అవతల మళ్లీ అతికించే గుర్తులకు కొంత చోటు పోయి, ఒక్కో ముక్కకు 67 మిగులుతాయి. పైగా గుణింతం ఒక గడి, పొల్లు ఒక గడి. ఇదంతా చెబితే తాత శ్రద్ధగా విన్నాడు.

"అయితే స్త్రీకి ఎన్ని పడతాయబ్బీ?"

"ఆరు తాతా. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం."

ఆయన వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. "మాకు మూడే. మా కేసులో సీ ఒక అచ్చు, త వత్తు ఒక అచ్చు, క్రావడి ఒకటి" అన్నాడు. అని, నా ఫోన్ తీసుకుని, క వర్గమంతా ఉన్న మీట మీద వేలు పెట్టి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు నొక్కాడు. క, ఖ, గ. బడిలో దిద్దించిన వరుసలోనే అక్షరాలు వస్తుంటే ఆయన ముఖంలో సంతోషం చూడాలి. నేను పొద్దస్తమానం ప్రెస్సు కంప్యూటర్‌లో కొట్టే అనూ అనే తెలుగు ఫాంట్లలో అది లేదు. అందులో ఉన్నది అక్షరం ఆకారమే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ చుక్కలూ గీతలే కనిపిస్తాయి. ఈ చిన్న ఫోన్‌లో మాత్రం స అంటే స, ఎక్కడికి పంపినా. నా పని అచ్చు కోసమే కాబట్టి అనూను తప్పు పట్టను. కానీ తెలుగు రాస్తున్నానన్న తృప్తి నాకు ఈ మీటల దగ్గరే దొరుకుతోంది.

ఇక అమ్మ సంగతి. పత్తికొండ దగ్గర మా ఊళ్లో ఉంటుంది. ఐదో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుని రాస్తుంది. ఫోన్ చేస్తే "బాగుండాను, నువ్వు తిన్నావా" అని పెట్టేస్తుంది, ఒంట్లో బాగా లేకపోయినా చెప్పదు. మెసేజ్‌లో అయితే నిజం రాస్తుంది. ఎందుకో నాకు తెలుసు. రాసేటప్పుడు ఎదురుగా ఎవరి గొంతూ ఉండదు, దాచాల్సిన పని పడదు.

ఈ రాత్రి నేను రాసింది ఇది: "అమ్మా, ఒళ్ళు నొప్పులు తగ్గాయా? మందు వేసుకో. ఆదివారం వస్తా." 58 అయ్యాయి. 12 మిగిలాయి. వాటిని వదిలేయబుద్ధి కాలేదు. ఖాళీ వదిలి "టమాటా ధర?" చేర్చాను. 68. కార్డులో అమ్మాయి తల్లిదండ్రుల పేర్లు ఒక్క వరుసలో పట్టించేటప్పుడు కూడా నేను ఇంత ఆలోచించను. ఉన్న చోటులో ముందు ఏది అడగాలి? ఒంటి సంగతి, తర్వాత మందు, తర్వాత నా రాక, చివర పైరు. నాకు అమ్మ ఎంత ముఖ్యమో ఆ వరుసలోనే ఉందనుకుంటాను.

పావుగంటకు జవాబు వచ్చింది. "తగ్గినాయి. గంప నూటెనభై. తిని పడుకో నాయనా." ఈ మూడు మాటలు కొట్టడానికి ఆమెకు ఎన్ని నొక్కులు పట్టి ఉంటాయో నాకు తెలుసు కాబట్టి ఇంకోసారి చదివాను.

ఈ ఫోన్‌తో కొన్ని పనులు నడవవు. కార్డు ప్రూఫులు వాట్సాప్‌లో పంపాలి కాబట్టి అది మా ఓనర్ అన్న ఫోన్‌లోంచి పోతుంది. డబ్బుల విషయంలో ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ లేని ఫోన్లకు రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది, నంబరుకు ఫోన్ చేసి, అది అడిగినవి మీటలు నొక్కి చెబితే డబ్బు వెళ్తుంది. ఉగ్గాని, బజ్జీల బండి దగ్గర చిల్లరే ఇస్తాను.

అమ్మ దగ్గర ఉన్నది పాత ఫోన్. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. త ఎక్కడుందో, ద ఎక్కడుందో తడుముకుంటోంది, అందుకే ఈ మధ్య ఆమె మెసేజ్‌లు పొట్టివవుతున్నాయి. పోయినసారి వెళ్లినప్పుడు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, "మూత తీస్తానే పలుకుతుందా?" అని అడిగింది. పలుకుతుందని చూపించాను. మూసి, తెరిచి, మళ్లీ మూసింది. కావాలని నోరు తెరిచి అడగలేదు, అడగదు కూడా.

శనివారం జీతం వస్తుంది. రాజ్‌విహార్ సెంటర్‌లో ఇలాంటిదే ఇంకొకటి కొని, తెలుగు భాష పెట్టి, నా నంబరు, అక్క నంబరు, చిన్నాయన నంబరు ఎక్కించి, ఆదివారం పత్తికొండ బస్సెక్కుతా. ఈసారి మీటలు పెద్దవి, అక్షరాలు కొత్తవి. 70 గడులూ వాడుకోమని చెప్తాను.